భుజాలున్న బీరువా

ఆ ఏడు మా ఇంట్లో గొడవ ఒక జాడీతో మొదలైంది.

ఏప్రిల్ రెండో వారంలో మావారు భానుమూర్తిగారు ఆవకాయ కోసం కొత్త జాడీ తెచ్చారు. తెల్లటి ఒళ్లు, గోధుమరంగు మెడ. దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి, జేబులోంచి మూడు కాగితాలు తీసి పక్కన పరిచారు. మెయిన్ రోడ్డులో మూడు కొట్లలో రాయించుకొచ్చిన కొటేషన్లు. ఆయన కాకినాడలో ప్రాంతీయ సంగీత పరిషత్తు స్టోర్సు సూపరింటెండెంటు. ఇరవై ఏడేళ్లు ప్రభుత్వానికి కొన్న అలవాటున ఇంటికీ అలాగే కొంటారు. పెళ్లికి ముందు కూడా మూడు సంబంధాలు చూసి, మూడింటినీ ఒక కాగితం మీద గళ్లు గీసి రాసుకున్నారని మా అత్తగారు ఇప్పటికీ చెబుతూంటారు.

నేను జాడీని వేలి కణుపుతో తట్టాను. ఖంగుమనాల్సింది డొప్పుమంది.

"పగులుంది," అన్నాను.

"ఎక్కడ?"

"కనపడటం లేదు. వినపడుతోంది."

"వినపడే పగులుకి ఏ రిజిస్టర్లోనూ కాలమ్ లేదు హైమా. ఎత్తు చూశాను. నోటి చుట్టుకొలత చూశాను. మూత బిగుతు చూశాను. ఇంకేం చూడాలి?"

"తట్టి చూశారా?"

"నలుగురిలో నిలబడి వస్తువుని తట్టడం ఏం పద్ధతి?"

పడకకుర్చీలోంచి మా అత్తగారు కలగజేసుకున్నారు. "కుండైనా జాడీ అయినా తట్టకుండా ఎవడు కొంటాడ్రా? మీ నాన్నగారు కొబ్బరికాయ చెవి దగ్గిర పెట్టుకుని ఊపి చూసేవారు."

"నాన్నగారికి ఆడిట్ లేదమ్మా," అన్నారాయన.

పగులు రుజువయ్యేదాకా జాడీ ఇంట్లోనే ఉండాలని ఆయన, రుజువు కాకపోయినా అందులో ఆవకాయ పెట్టేది లేదని నేను తేల్చుకున్నాం. అది అలమర కింద మూలకి చేరింది. ఆ పక్కనుంచి నడిచినప్పుడల్లా నేను దాన్ని కాలివేలితో తట్టేదాన్ని. ఆయన వినపడనట్టు పేపరు చదువుకునేవారు.

ఈ గొడవ సద్దుమణగక ముందే మేడమీద గదిలోంచి ఎస్తేరు దిగివచ్చింది.

ఎస్తేరు మా ఇంట్లో అద్దెకుంటున్న అమ్మాయి. ఇరవై ఎనిమిదేళ్లు. మనిషి ఐదడుగులు ఉండదు. సొంత ఊరు సామర్లకోట. వాళ్ల నాన్న రైల్వేలో పనిచేస్తూ, క్లబ్బులో పార్టీలకీ, ఆదివారాలు చర్చిలోనూ డబుల్ బేస్ వాయించేవాడట. వయొలిన్ మనిషికంటే ఎత్తు పెరిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది డబుల్ బేస్. నిలబెట్టి, దాని పక్కన తామూ నిలబడి, పాత స్నేహితుణ్ని భుజం పట్టుకున్నట్టు పట్టుకుని వాయిస్తారు. తండ్రి దగ్గరున్న ఆ పాత వాద్యాన్ని ఎస్తేరు తనతోనే తెచ్చుకుంది. సాయంత్రాలు పైన ఆమె తీగల మీద విల్లు లాగితే కింద నా అలమరలో స్టీలు గ్లాసులు సన్నగా మోగేవి. చారు గిన్నె మీద మూత వణికేది. ఆ నాదం చెవులకంటే ముందు అరికాళ్లకి తెలిసేది.

ఆమె పనిచేసేది కూడా మావారి పరిషత్తులోనే. కిందటేడు ఎవరో పెద్దలు విదేశం వెళ్లి, నల్లకోట్లు వేసుకున్న ఎనభై మంది ఒక్కసారి వాయించడం చూసి పరవశించి వచ్చారు. ప్రతి జిల్లాకీ ఏడాదిలోగా అలాంటి బృందం ఒకటి ఉండి తీరాలని ఉత్తర్వు వచ్చింది. పరిషత్తు వెంటనే పద్నాలుగు మంది వయొలిన్ విద్వాంసుల్ని తీసుకుంది. వాళ్లు కుర్చీల్లో కూర్చుని వాయించడం తమకి చేతకాదన్నారు. చాపలు వెయ్యాలా, లేక కుర్చీల కాళ్లు కొయ్యాలా అన్న ఫైలు ఇప్పటికీ నడుస్తోంది. డబుల్ బేస్‌కి ఒక్క పోస్టు. పరీక్షలో నెగ్గి ఎస్తేరు చేరింది. ఏడాది ప్రొబేషను.

చేరింది కానీ వాయించడానికి వాద్యం కొనలేదు. సొంతది తెచ్చుకుంటానంటే, ప్రభుత్వ పనికి ప్రైవేటు వస్తువు వాడరాదని మెమో ఇచ్చారు. పది నెలలుగా ఆమె పొద్దున పదింటికి వెళ్లి హాజరు పట్టీలో సంతకం చేసి, సాయంత్రం అయిదింటిదాకా కుర్చీలో కూర్చుని వస్తోంది.

"హైమక్కా, జూన్ ముప్పైకి నా ప్రొబేషను అయిపోద్ది," అంది ఎస్తేరు. "ఈలోగా సంస్థ వాద్యం వాయించినట్టు కమిటీ సర్టిఫికెట్ ఇవ్వాలంట. లేకపోతే తీసేస్తారంట. ఆ వాద్యం ఎప్పుడు కొంటారో సార్ని కాస్త అడగండక్కా."

మావారు ఇబ్బందిగా చూశారు. ఆయనకి ఎస్తేరంటే అభిమానమే. మా అత్తగారి కళ్లలో రోజూ చుక్కలు వేసేది ఆ పిల్లే.

"కొనుగోలు కమిటీలో అనధికార మహిళా సభ్యురాలు ఉండాలమ్మా," అన్నారాయన. "గృహోపకరణాల ఎంపికలో అనుభవం ఉన్న పట్టభద్రురాలు కావాలి. ఉన్నావిడ కిందటి ఉగాదికి మానేశారు. ఆవిడ లేకుండా కమిటీ కూర్చోడానికి లేదు."

అలా అంటూనే ఆయన చూపు మూలనున్న జాడీ మీద పడింది. తరవాత నా మీద పడింది.

నా డిగ్రీ కాగితం జతచేసి నా పేరు పంపితే డైరెక్టరుగారి దగ్గర అభ్యంతరం ఏమీ రాలేదు. కమిటీలో ఉండకూడని బంధువుల పట్టిక తెప్పించి చూశారట. కొడుకు, తమ్ముడు, బావమరిది, మేనల్లుడు ఉన్నారు. భార్య లేదు.

*

కమిటీలో డైరెక్టరు సత్యశంకరంగారు, ఇంజినీరు దొరబాబుగారు, ఆడిట్ అధికారి శేషాచారిగారు, స్టోర్సు తరపున మావారు, నేను. మొదటి సమావేశంలో డైరెక్టరుగారు లేచి నిలబడి పావుగంట మాట్లాడారు.

"జిల్లా సాంస్కృతిక ప్రస్థానంలో ఇదొక మహత్తర ఘట్టం. మంద్రస్థాయి లోటు కారణంగా మన బృందం ఇంతకాలం పునాది లేని భవనం మాదిరిగా ఉన్నదని సవినయంగా మనవి చేస్తున్నాను," అన్నారు. పునాది మాట విని దొరబాబుగారు నోట్‌బుక్ తెరిచారు.

ఎస్తేరు రాసిచ్చిన కాగితం నేను చదివాను. ఆ అమ్మాయి చక్కగా రాసింది. డబుల్ బేస్‌లలో కొన్ని వయొలిన్‌లాగే విశాలమైన భుజాలతో ఉంటాయి. కొన్నిటి భుజాలు జారుగా ఉంటాయి. పొట్టివాళ్లు తీగల మీద కిందికున్న స్వరస్థానాలు అందుకోవాలంటే చెయ్యి వాద్యం భుజం మీదుగా వంగాలి కాబట్టి తనకి జారు భుజాలది కావాలి. వెనక పలక బల్లపరుపుగానూ ఉంటుంది, ఉబ్బెత్తుగానూ ఉంటుంది. రెండిటి గొంతూ వేరు. మొత్తం చెక్కతో చెక్కినదైతే నాదం గొప్పగా ఉంటుంది కానీ కాకినాడ ఉప్పుగాలికి బీటలు వేస్తుంది. మొత్తం ప్లైవుడ్‌దైతే బీట వెయ్యదు, అంత పలకదు. ముందు పలక చెక్కినది, వెనకా పక్కలూ ప్లైవుడ్‌వీ అయితే మనకి సరిపోతుంది. సైజు ముప్పాతిక. చివరి వాక్యం కింద గీత గీసింది: కొనేముందు వాయించి వినాలి.

శేషాచారిగారు కళ్లజోడు తీశారు. "ముప్పాతిక అంటే?"

"ఆ సైజుని అలా పిలుస్తారటండి. పెద్దవాళ్లందరూ వాయించేది దాన్నేనట," అన్నాను.

"పిలవడం సరే. తక్కిన పావు ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదండి. అసలు ఉండదు."

"మీరు నాకు చెప్పారు, నేను విన్నాను. రేపు పైవాళ్లు వచ్చి ఆ పావు వంతు ఎవరు తిన్నారని అడిగితే నేనేం చెప్పను మేడమ్?"

పూర్తి సైజు అని తీర్మానం రాసుకున్నారు.

తరవాత వచ్చింది అసలు చిక్కు. ఏ వస్తువు కొన్నా కొనుగోలు నిబంధనల పుస్తకంలో ఏదో ఒక అధ్యాయంలోకి రావాలి. మావారు పుస్తకం తిప్పారు. వాద్యాల అధ్యాయంలో వీణ, తంబురా, మృదంగం, హార్మోనియం ఉన్నాయి. డబుల్ బేస్ లేదు. లేనివాటిని ఒంటిని బట్టి ఎక్కడికి దగ్గరైతే అక్కడ చేర్చాలి.

"ఎత్తు ఆరడుగులు దాటుతుందా?" అన్నారు డైరెక్టరుగారు.

"దాటుతుందండి," అన్నారు మావారు.

"చెక్కేనా?"

"చెక్కేనండి."

"లోపల ఖాళీ ఉంటుందా?"

"ఉంటుందండి."

"అయితే తొమ్మిదో అధ్యాయం. బీరువాలు, నిలువు."

"మరి తీగలుంటాయి కదండీ," అన్నాను.

డైరెక్టరుగారు దయగా నవ్వారు. "తీగలు దాని వ్యక్తిగత విషయం మేడమ్. వర్గీకరణ ఒంటిని బట్టే."

*

రెండో సమావేశానికి దొరబాబుగారు పెద్ద నీలం కాగితం మీద బొమ్మ గీసి తెచ్చారు. తొమ్మిదో అధ్యాయం పక్కన పెట్టుకుని తల నుంచి కాలిదాకా ఒక్కొక్క అవయవం పరిశీలించాం.

భుజాలు జారుగా ఉంటే పైన ఫైలు పెట్టడానికి లేదు. బీరువా పైభాగం వినియోగయోగ్యంగా ఉండాలి కాబట్టి భుజాలు సమతలంగా ఉండాలి. వెనక పలక ఉబ్బెత్తుగా ఉంటే గోడకీ బీరువాకీ మధ్య సందు వస్తుంది, అక్కడ బల్లులు చేరతాయి, బల్లపరుపే ఖాయం. వాద్యాన్ని నేలమీద ఆనించే సన్నటి ఇనుప మొన కొత్త టైల్సుని పాడు చేస్తుంది. దాని బదులు నాలుగు కాళ్లు, కాళ్లకి రబ్బరు తొడుగులు.

"ఈ నడుమొకటి నొక్కేసినట్టుందండి," అన్నారు దొరబాబుగారు. "పన్నెండు శాతం జాగా అక్కడే పోతంది. ఎందుకంటారు?"

"విల్లు అటూ ఇటూ కదలడానికండి," అన్నాను.

"విల్లుకి వేరే టెండరండి. అదింకా పిలవలేదు."

రాని విల్లు కోసం ఉన్న జాగా వదులుకోవడం ప్రజాప్రయోజనం కాదని డైరెక్టరుగారు అభిప్రాయపడ్డారు. నడుం తీసేశారు.

ముందు పలక మీద రెండు వంకర సందులుంటాయి. నాదం బయటికి వచ్చేది వాటిలోంచే. "చిల్లులున్న వస్తువుని తీసుకుంటే స్టోర్సుకి మాట వస్తుందండి," అని మావారు నిజంగానే బాధపడ్డారు. సందులకి దోమల జాలీ కొట్టించాలన్నారు. ప్లైవుడ్ ఓడల్లో వాడేది, పంతొమ్మిది మిల్లీమీటర్లది, నీళ్లలో ఉడకబెట్టినా ఊడనిది.

"అంత మందమైతే మోగదండి," అన్నాను. "పలక పల్చగా ఉంటేనే కదా పలికేది."

శేషాచారిగారు టైపు చేసిన కాగితాలు తిరగేశారు. "మోగాలని స్పెసిఫికేషన్‌లో ఎక్కడుంది మేడమ్?"

వెతికాను. లేదు. ఎస్తేరు గీత గీసి రాసిన ఆఖరి వాక్యం టైపులో రాలేదు.

"వినడం కొలవడానికి మన దగ్గర సాధనం లేదు," అన్నారు మావారు నా వైపు చూడకుండా. "అందుకని వదిలేశాం."

"ఇంట్లో జాడీ కొన్నా తట్టి చూస్తాం కదండీ. ఇది వాద్యం. కనీసం తట్టి చూసి తీసుకోవాలని నా మాటగా రాయండి."

"తప్పకుండా," అన్నారు డైరెక్టరుగారు. "మేడమ్‌గారి సూచనని మహిళా దృక్కోణం అన్న శీర్షిక కింద నమోదు చేసి, సభ హర్షం వ్యక్తం చేసింది."

ఆ సాయంత్రం మావారితో అన్నాను: "దాని మీద ఆ పిల్ల ఏం వాయిస్తుందండీ?"

"నిబంధన ప్రకారం ఎక్కడా తప్పు జరగలేదు హైమా."

"అది నేనూ చూశాను. అదే నా భయం."

*

జూన్ పద్దెనిమిదిన డబుల్ బేస్ వచ్చింది. జగన్నాథపురంలో ఒక ఫర్నిచరు షాపువాళ్లు చేశారు. ఎనిమిది మంది మోసుకొచ్చారు. ఏడడుగుల ఎత్తు, బూడిదరంగు, సమతలమైన భుజాలు. నాలుగు కాళ్లు. ఎడమ తలుపు మీద పైనుంచి కిందికి నాలుగు తీగలు బిగించారు. తలుపులెందుకని అడిగితే, తలుపుల్లేని బీరువా రాక్ కిందికి వస్తుందనీ, దానిది పదకొండో అధ్యాయమనీ చెప్పారు. సంగీతం మీద గౌరవంతో లోపల అరలు పెట్టలేదట. తాళానికి రెండు చెవులు. ఒకటి స్టోర్సుకి, ఒకటి వాయించేవారికి.

మిగిలిన రబ్బరు తొడుగులు ఎక్కడ పెట్టాలని మావారు అడిగితే, శేషాచారిగారు లోపల పడెయ్యమన్నారు. "బీరువాలో ఉన్నదంతా బీరువా నంబరులోకే వస్తుందండి. వేరే నంబరు అక్కర్లేదు."

నేను దగ్గరికి వెళ్లి తలుపు మీద వేలితో తట్టాను. డొప్పుమంది. మా మూలనున్న జాడీ గొంతే. మావారి వైపు చూశాను. ఆయన ఫ్యాను చూస్తున్నారు.

ఎస్తేరు స్టూలు ఎక్కి, బొటనవేలితో ఒక తీగ లాగింది. దుప్పటి దులిపినట్టు చప్పుడయింది. ఇంకోటి లాగింది. అదే దుప్పటి. ఆమె స్టూలు దిగి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"తనిఖీ నివేదికలో వాద్యానికి ఏ లోపమూ లేదని ఉంది," అన్నారు డైరెక్టరుగారు ఆలోచిస్తూ. "కాబట్టి లోపం వాయించేవారిలో ఉండి తీరాలి."

దాని తరవాతి అడుగు ఎవరైనా ఊహించగలరు కానీ, నేను అప్పుడు ఊహించలేదు. వాద్యం స్పెసిఫికేషన్‌కి అనుగుణంగా ఉన్నప్పుడు మనిషి కూడా వాద్యానికి అనుగుణంగా ఉండాలి కదా. మర్నాడే ఎస్తేరుని పిలిపించి, దొరబాబుగారు టేపు తీశారు.

"ఎత్తు నాలుగడుగుల పదకొండున్నర అంగుళాలు. భుజాలు," అని కాస్త వెనక్కి జరిగి చూసి, "జారు. నడుము..."

"నడుం ఎందుకండి?" అన్నాను.

ఆయన టేపు చుట్టేశారు.

నివేదికలో అభ్యర్థి సైజు ముప్పాతిక అని రాశారు. శేషాచారిగారు అది చదివి, పావు వంతు తక్కువున్న మనిషిని పూర్తి జీతానికి ఎలా తీసుకున్నారని మావారిని సంజాయిషీ అడిగారు. కొత్త నియామకం కోసం ప్రకటన ముసాయిదా కూడా అక్కడే తయారైంది. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు, భుజాలు విశాలం, వెన్ను బల్లపరుపు, ఉప్పుగాలికి తట్టుకునే కట్టడం. సంగీతం తెలిసి ఉండటం అదనపు అర్హత. జూన్ ముప్పై మధ్యాహ్నం మూడింటికి ఎస్తేరుకి ఆఖరి పరీక్ష. అందులో నెగ్గకపోతే మర్నాడు పేపర్లో ప్రకటన.

ఆ సాయంత్రం మేడమీద నుంచి ఏమీ వినపడలేదు. గ్లాసులు ఊరుకున్నాయి. చీకటి పడకముందే ఎస్తేరు వచ్చి వంటింట్లో పీట మీద కూర్చుని, నేను అడక్కుండానే చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టింది.

"ఊరెళ్లిపోతానక్కా," అంది. "నాన్న ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు, మా అమ్మాయి గవర్నమెంటులో బేస్ వాయిస్తదని. ఏడాది పాటు కుర్చీ వాయించానని ఆయనకెలా చెప్పను?"

"నీ దగ్గర ఆ బీరువా చెవి ఉందా?" అన్నాను.

"ఉందండి. రెండోది నాకే ఇచ్చారుగా."

"లోపలి కొలత ఎంతుంటుందో చూశావా?"

ఎస్తేరు చిక్కుడుకాయ ఒలవడం ఆపి నా వైపు చూసింది.

మర్నాడు కాఫీ ఇస్తూ మావారిని అడిగాను. "బీరువాలోంచి ఫైలు తీసి చదివితే, బీరువా వాడినట్టా, ఫైలు వాడినట్టా?"

"బీరువా వాడినట్టే. వినియోగ పట్టికలో అలాగే రాస్తాం," అని, ఒక గుక్క తాగి, "ఎందుకూ?" అన్నారు.

"ఊరికే."

*

పరిషత్తులో భోజనాల వేళ ఒంటిగంట నుంచి రెండున్నర దాకా. ఆ వేళలో గేటు దగ్గర ఏనుగుని నడిపించినా అడిగేవారుండరు. జూన్ ముప్పైన నేనూ ఎస్తేరూ ఒక ట్రాలీ ఆటోలో, రెండు దుప్పట్లు చుట్టిన డబుల్ బేస్‌ని తీసుకెళ్లాం. తలుపు తెరిచి లోపల నిలబెట్టాం. పూర్తి సైజు బీరువా, ముప్పాతిక సైజు వాద్యం. హాయిగా పట్టింది. పక్కన కాస్త జాగా కూడా మిగిలింది. ఆ పావు వంతు ఎక్కడికి పోయిందో నాకప్పుడు తెలిసింది. తాళం వేశాం.

మూడింటికి కమిటీ కూర్చుంది. అటెండరు టీ గ్లాసులున్న పళ్లెం బల్ల మీద పెట్టాడు. డైరెక్టరుగారు విచారంగా లేచారు. "వాద్యానికి సరితూగని వాద్యకారులు చరిత్రలో ఎందరో ఉన్నారు. అది వారి తప్పు కాదు. అమ్మా, సంస్థ వాద్యాన్ని నువ్వు వినియోగించవచ్చు."

ఎస్తేరు తాళం తీసింది. తలుపు తెరిచి, లోపలున్న దాన్ని మెడ పట్టుకుని నెమ్మదిగా బయటికి నడిపించింది. నేల పాడు కాకుండా ఇనుప మొన కింద రబ్బరు తొడుగు పెట్టింది. బీరువాలోంచే తన విల్లు కూడా తీసింది.

ఆమె వాయించింది వాళ్ల నాన్న నేర్పిన ఒక నిదానమైన పాట. మొదటి స్వరానికే పళ్లెంలో టీ గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. శేషాచారిగారు బల్ల మీద నుంచి చెయ్యి తీసేసి, అరచేయి చూసుకుని, మళ్లీ మెల్లిగా బల్ల మీద ఆనించారు. డైరెక్టరుగారు కళ్లు మూసుకున్నారు. పక్క హాల్లోంచి పద్నాలుగు మంది వయొలిన్ విద్వాంసులు చాపలు వదిలి గుమ్మంలోకి వచ్చారు. మావారు ఫ్యాను చూడటం లేదు.

పాట అయ్యాక దొరబాబుగారు అన్నారు: "బీరువా బాగా కుదిరిందండి."

నేను వినియోగ పట్టిక డైరెక్టరుగారి ముందుకి జరిపాను. బీరువాలోంచి తీసి వాడినది బీరువాని వాడినట్టే అన్న నిబంధన కింద సంతకాలయ్యాయి. "సంస్థ వాద్యం తలుపు తెరిచి వాయించినచో నాదం సంతృప్తికరం" అని సర్టిఫికెట్ రాశారు. ఎస్తేరు ఉద్యోగం ఖాయమైంది. తలుపు సదుపాయం గల డబుల్ బేస్‌ని అన్ని జిల్లాలకీ సిఫారసు చేస్తూ డైరెక్టరుగారు అక్కడికక్కడే ఉత్తరం చెప్పి రాయించారు.

అందరూ లేస్తూండగా శేషాచారిగారు మావారిని పిలిచారు. "అన్నట్టు, లోపలి భాగానికి కూడా బీరువా నంబరే వర్తిస్తుంది. శనివారంలోగా దాని వీపు మీద తెల్లరంగుతో నంబరు వేయించండి. నంబరు పడేదాకా తాళంలో ఉండాలి, పడ్డ తరవాత గేటు దాటకూడదు."

ఎస్తేరు చెయ్యి వాద్యం భుజం మీదే ఉండిపోయింది. అది వాళ్ల నాన్నది. బీరువాలోది బీరువా కిందే లెక్క అన్న రూలు వెతికి పట్టుకున్నది నేనే.

ఇంటికొచ్చాక అడిగాను. బతిమాలాను. మా అత్తగారు కూడా అన్నారు. మావారు ఒకటే మాట. "ఇరవై ఏడేళ్లలో నేను నంబరు వెయ్యకుండా వదిలిన వస్తువు లేదు హైమా." శనివారం పొద్దున తెల్లరంగు డబ్బా, సన్న బ్రష్షు సంచిలో వేసుకుని వెళ్లారు. వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం మా అత్తగారు ఎస్తేరుని భోజనానికి పిలిచారు. ముద్దపప్పు, ఆవకాయ, గుమ్మడికాయ పులుసు. ఆవకాయ పాత జాడీలోదే. ఎస్తేరు అన్నం కలుపుతోంది కానీ తినడం లేదు. మావారు పప్పన్నం తిన్నారు, పులుసన్నం తిన్నారు. ఏదైనా చెప్పదలచుకుంటే మజ్జిగ దగ్గరే చెప్పడం ఆయన అలవాటు కాబట్టి మేం ముగ్గురం మజ్జిగ కోసం ఎదురుచూశాం.

"నిన్న బీరువా తనిఖీ చేశాను," అన్నారు.

నేను గరిటె కింద పెట్టాను.

"రంగు కలిపాను. తలుపు తెరిచాను. నంబరు వేసేముందు లోపల ఏముందో రాసుకోవాలి కదా. ఎత్తు తెలుసు. వెడల్పు తెలుసు. ఇంకేం చూడాలా అనుకున్నాను." ఆయన ఎవరి వైపూ చూడలేదు. "దాని వీపు మీద వేలితో తట్టాను."

"ఏమందిరా?" అన్నారు మా అత్తగారు.

"'ఖాళీ' అందమ్మా. చాలాసేపు చెప్పింది."

ఎస్తేరు అన్నం కలపడం ఆపింది. అలమరలో గ్లాసులు కూడా లేవు మోగడానికి. అన్నీ మా విస్తళ్ల పక్కనే ఉన్నాయి.

"రిజిస్టర్లో అదే రాశాను. 'తట్టి చూడగా ఖాళీ.' సంతకం పెట్టి తేదీ వేశాను. ఖాళీకి నంబరు వెయ్యడానికి ఏ అధ్యాయంలోనూ రూలు లేదు."

"మరి గేటు దగ్గర, సార్?" అంది ఎస్తేరు.

"ఖాళీ లోపలికొచ్చినా ఆపరమ్మా, బయటికెళ్లినా ఆపరు. నీది నువ్వు రోజూ సాయంత్రం తెచ్చుకో. పొద్దున తీసుకెళ్లి బీరువాలో పెట్టి, తీసి వాయించు. ముందు అన్నం తిను."

ఎస్తేరు తల వంచుకుని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది. మా అత్తగారు తన ఆకులోని అప్పడం తీసి ఆమెకి వేశారు.

మావారు మజ్జిగన్నంలో ఆవకాయ ముక్క నంజుకుని, మూలకి చూశారు. "ఇందాక చేతులు కడుక్కోడానికి వెళ్తూ దాన్ని కూడా తట్టాను."

నేను ఏమీ అడగలేదు. పెళ్లయిన పాతికేళ్లలో ఇలాంటి చోట్ల అడక్కుండా ఉండటం నేర్చుకున్నాను.

"రేపు కొట్లో వాపసు ఇచ్చేస్తాను. కొత్తది నువ్వే తట్టి తీసుకో హైమా. నేను మాట్లాడను."

ఆయనకి ఇంకో గరిటె మజ్జిగ పోశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"కాకపోతే, మూడు కొట్లలో తట్టాలి."